లైనక్స్ పీసీ ఖాళీగా ఉన్నా గ్రాఫిక్స్ కార్డు కరెంటు లాగేస్తోందా?

సమస్య: గేమ్ లేదు, వీడియో లేదు, డెస్క్‌టాప్ ఊరికే తెరిచి ఉంది అంతే, అయినా కార్డు వేడిగానే ఉంటుంది, టెర్మినల్‌లో సెన్సార్స్ అని కొడితే ఏఎండీ కార్డు కింద పీపీటీ (కార్డు లాగుతున్న పవర్) లైన్‌లో 10 వాట్ల చుట్టుపక్కల ఉండాల్సింది 35, 40 చూపిస్తుంది. 30 వాట్లేగా అని వదిలేయకండి, రోజుకి 10 గంటలు ఆన్‌లో ఉంటే నెలకి 9 యూనిట్లు, మన దగ్గర బిల్లు శ్లాబుల లెక్క కాబట్టి అంచున ఉన్నవాళ్లకి ఆ 9 చాలు పై శ్లాబులో పడటానికి.

ముందే కెర్నల్ పారామీటర్ల (సిస్టమ్ బూట్ అయ్యేటప్పుడు ఇచ్చే సెట్టింగ్స్) జోలికి పోకండి ప్లీజ్. మెమరీ క్లాక్, అంటే కార్డులోని మెమరీ నడిచే స్పీడ్ చూడండి. సిస్ ఫోల్డర్‌లో క్లాస్, డీఆర్ఎం, కార్డ్0 (కొందరికి కార్డ్1), డివైస్ అలా లోపలికి వెళ్తే పీపీ_డీపీఎం_ఎంసీఎల్‌కే అనే ఫైల్ ఉంటుంది, దాన్ని టెర్మినల్‌లో క్యాట్ కమాండ్‌తో చదివితే స్పీడ్లు వరసగా వస్తాయి, ఇప్పుడు నడుస్తున్నదాని పక్కన స్టార్ ఉంటుంది. ఆర్ఎక్స్ 6800 లాంటి కార్డులో ఖాళీగా ఉన్నప్పుడు ఆ స్టార్ 96 మెగాహెర్ట్జ్ దగ్గర ఉండాలి, 1000 దగ్గరే అతుక్కుపోయి ఉంటే దొంగ దొరికినట్టే.

కారణం: చాలాసార్లు మానిటరే. మెమరీ స్పీడ్ మార్చాలంటే కార్డుకి ఒక్క క్షణం గ్యాప్ కావాలి, ఒక ఫ్రేమ్ గీయడం అయిపోయి ఇంకోటి మొదలయ్యే మధ్యలో దొరికే ఆ చిన్న ఖాళీనే వీబ్లాంక్ అంటారు. రిఫ్రెష్ రేట్ (మానిటర్ సెకనుకి ఎన్నిసార్లు బొమ్మ మారుస్తుందో) పెరిగేకొద్దీ మామూలుగా అది చిన్నదైపోతుంది, ఇంక 144 హెర్ట్జ్‌ది ఒకటి 60ది ఒకటి అని రెండు మానిటర్లు పెడితే రెండిటి ఖాళీలూ ఒకేసారి కలవవు, మధ్యలో స్పీడ్ మారిస్తే స్క్రీన్ మినుకుమంటుంది కాబట్టి డ్రైవర్ ఎందుకొచ్చిన గొడవని ఫుల్ స్పీడ్‌లోనే ఉంచేస్తుంది.

పరిష్కారం: డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో 144ని 120కి దించి ఆ ఫైల్ మళ్లీ చూడండి. తగ్గలేదా, రెండో మానిటర్ కేబుల్ పీకి చూడండి. అప్పుడు తగ్గితే రెండిటికీ ఒకే రిజల్యూషన్, ఒకే రేట్ పెట్టి ట్రై చేయండి, లేదంటే ప్రాసెసర్‌లో గ్రాఫిక్స్ ఉన్నవాళ్లు రెండోదాన్ని మదర్‌బోర్డు పోర్టుకి మార్చేయండి, నాకైతే ఇదే అన్నిటికన్నా నమ్మకమైన దారి.

మానిటర్ తప్పు కాకపోతే అదే డివైస్ ఫోల్డర్‌లో పవర్_డీపీఎం_ఫోర్స్_పెర్ఫార్మెన్స్_లెవెల్ ఫైల్ చూడండి. గేమ్ కోసం ఏదో టూల్‌లో హై పెట్టి మర్చిపోయి ఉంటారు, రూట్‌గా (అడ్మిన్ హక్కులతో) ఆటో అని రాసేయండి. అదీ బానే ఉంటే ఎన్‌వీటాప్ (కార్డుని ఏ ప్రోగ్రామ్ వాడుతోందో చూపించే టూల్) తెరిచి కదిలే వాల్‌పేపరో బ్రౌజర్ ట్యాబో కార్డుని వాడుకుంటోందేమో చూడండి.

ఎన్విడియా వాళ్లు ఎన్విడియా-ఎస్ఎంఐ కొట్టి పీ8 (ఖాళీగా ఉన్నప్పటి తక్కువ పవర్ స్థితి) ఉందో లేదో చూసుకోండి, పీ0 (ఫుల్ స్పీడ్ స్థితి) దగ్గర ఉండిపోతే కింద ప్రాసెస్ లిస్టులో ఎవరు పట్టుకుని కూర్చున్నారో కనిపిస్తుంది. రెండు గ్రాఫిక్స్ ఉన్న ల్యాప్‌టాప్‌లో మాత్రం ఆ కమాండే నిద్రపోయే కార్డుని లేపేస్తుంది, ప్యానెల్‌లో టెంపరేచర్ విడ్జెట్ పెట్టుకున్నా అంతే, సెకనుకోసారి అడుగుతూ ఉంటే ఇంక అదెప్పుడు పడుకోవాలి! అందుకే అక్కడ పీసీఐ డివైస్ ఫోల్డర్‌లో పవర్ కింద ఉండే రన్‌టైమ్_స్టేటస్ ఫైల్ మాత్రమే చదవండి, సస్పెండెడ్ అని వస్తే కార్డు పడుకున్నట్టే.