లైబ్రరీలో మన చేయి – 5వ పాఠం: టెస్టు ముందు ఫెయిలవ్వాలి

పోయిన పాఠంలో మన సాధన లైబ్రరీని క్లోన్ చేసుకుని (మన కంప్యూటర్లోకి కాపీ తెచ్చుకుని), మన మార్పులకు విడిగా ఒక బ్రాంచి తెరిచాం. విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల ఊళ్ళ పేర్లు వెతికిపెట్టే చిన్న పైథాన్ లైబ్రరీ అది. ఈసారి అందులో ఒక బగ్‌కు ముందు టెస్టు రాసి, ఆ తర్వాతే కోడ్ ముట్టుకుందాం.

జాబితాలో మైలవరం ఉంది. అయినా కొందరు వెతికితే దొరకడం లేదు. స్క్రీన్ మీద వాళ్ళు కొట్టిన మాటకూ జాబితాలోని మాటకూ ఏ తేడా కనపడదు. తేడా ఐత్వంలో ఉంది. కంప్యూటర్ అక్షరాలను గుర్తుపట్టే పద్ధతి అయిన యూనికోడ్‌లో ఐత్వాన్ని ఒకే గుర్తుగా రాయొచ్చు, లేదా ఎత్వం రాసి దాని కింది తోకను విడిగా చేర్చొచ్చు. మొదటి పద్ధతిలో ‘మైలవరం’ పొడవు 6, రెండో దాంట్లో 7. పైథాన్‌కు అవి వేర్వేరు మాటలే. మన జాబితాలో ఉన్నది మొదటిది.

టెస్టు ఫైలు పేరు, ఫంక్షన్ పేరు రెండూ ఇంగ్లీషు అక్షరాల్లో ‘టెస్ట్_’తో మొదలుపెట్టండి. లేదంటే టెస్టులు నడిపే పనిముట్టు పైటెస్ట్ మామూలుగా వాటిని పట్టించుకోదు. మిగతావన్నీ పాసై పచ్చగా కనిపిస్తాయి, మీది మాత్రం నడిచే ఉండదు. అందుకే చివరి వరసలోని లెక్క చూడండి: ఇంతకుముందు 12 ఉంటే ఇప్పుడు 13 కావాలి.

ఎక్కువమంది బోల్తాపడేది దీని తర్వాత. మైలవరం అని కీబోర్డుతో కొడితే సాధారణంగా మొదటి రూపమే పడుతుంది. దానితో రాసిన టెస్టు కోడ్ సరిచేయకముందే పాసవుతుంది, అంటే బగ్‌ను అది అసలు తాకలేదు. కాబట్టి యూనికోడ్‌డేటా మాడ్యూల్‌లోని నార్మలైజ్‌కు ‘ఎన్‌ఎఫ్‌డీ’ ఇచ్చి, విడదీసిన రూపాన్ని టెస్టులోనే తయారుచేయండి. దాని పొడవు 7 అని ఒక అసర్ట్ (చెప్పింది నిజం కాకపోతే టెస్టును ఫెయిల్ చేసే వరస), దానితో వెతికినా మైలవరం దొరకాలని రెండో అసర్ట్ పెట్టండి. నడిపితే రెండోదాని దగ్గర ఆగాలి. మొదటిదాని దగ్గరే ఆగిందంటే తప్పు మీ టెస్టులో ఉంది.

ఆ ఎర్ర వరస కళ్ళారా చూశాకే కోడ్ తెరవండి. వెతికే మాట ఫంక్షన్‌లోకి రాగానే ‘ఎన్‌ఎఫ్‌సీ’ రూపంలోకి, అంటే ఐత్వం ఒకే గుర్తుగా కలిసిన రూపంలోకి, మార్చండి. జాబితా లోడయ్యేచోటా అదే చేయాలి. లేకపోతే రేపెవరైనా విడదీసిన రూపంలో ఒక పేరు చేరిస్తే ఇదే బగ్ అటువైపు నుంచి తిరిగొస్తుంది. దానికీ ఒక టెస్టు రాయండి.

పనిలో పనిగా ఇంకోటి. ఇన్‌పుట్ తెలుగు మాటేనా అని చూడటానికి, అన్నీ అక్షరాలేనా అని చెప్పే ‘ఇజ్‌ఆల్ఫా’ వాడొద్దు. ‘గుంటూరు’కు అది ఫాల్స్ అంటుంది, ఎందుకంటే కొమ్ము, సున్న దాని లెక్కలో అక్షరాలు కావు. మాటల నమూనాలు వెతికే రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌లో బ్యాక్‌స్లాష్ డబ్ల్యూతో (అక్షరాలు, అంకెలు పట్టే గుర్తు) ఏరినా గ, ట, ర మాత్రమే మిగులుతాయి.

స్టైలు సంగతి: పైథాన్ స్టైలు నియమాల పత్రం పెప్ 8 ప్రకారం ఇండెంటుకు 4 స్పేసులు, వరసకు ఎక్కువలో ఎక్కువ 79 క్యారెక్టర్లు. కోడ్‌ను తనంతట తానే సర్దే ఫార్మాటర్‌ను ఫైలంతా నడపకండి. మీరు మార్చినవి ఆరు వరసలైతే, మార్పులు చూపే డిఫ్‌లో అరవై కనిపిస్తాయి, రివ్యూ చేసేవాళ్ళకు అసలు మార్పు ఎక్కడుందో అంతుపట్టదు.

వచ్చే పాఠానికి అభ్యాసం: ‘బస్‌స్టాండ్’లో పొల్లు తర్వాత కంటికి కనపడని జీరో విడ్త్ నాన్ జాయినర్ (పక్క అక్షరాలు కలవకుండా ఆపే గుర్తు) ఉంటుంది. ఎన్‌ఎఫ్‌సీ దాన్ని తీసేయదు. అది ఉన్నా లేకపోయినా పేరు దొరకాలనే టెస్టు వేరే బ్రాంచిలో రాసి, ఫెయిలయ్యేదాకా తెచ్చి ఆపండి. కోడ్ అప్పుడు మారుద్దాం.