సీప్యాప్ మెషిన్‌తో ఓడ ప్రయాణం ఎలా చేయాలి?

స్లీప్ అప్నియా అంటే నిద్రలో ఊపిరి మాటిమాటికీ ఆగిపోయే జబ్బు. అది ఉన్నవాళ్లు మాస్క్ ద్వారా గాలిని ఒత్తిడితో పంపే సీప్యాప్ మెషిన్ పెట్టుకుని పడుకుంటారు. వాళ్లను ఓడలో ఎక్కువగా ఇబ్బంది పెట్టేవి రెండే: మంచం పక్కన ప్లగ్ లేకపోవడం, మెషిన్‌లో పోసే డిస్టిల్డ్ వాటర్ (ఉప్పులు తీసేసిన నీళ్లు) దొరక్కపోవడం. రెండూ ఇంటి దగ్గరే తేల్చుకోవాల్సినవి. కడపలో రైలెక్కి చెన్నై రేవుకు పోయినా, కర్నూలు, అనంతపురం నుంచి 44వ జాతీయ రహదారి మీద దేవనహళ్లి విమానాశ్రయం చేరుకుని సింగపూర్‌లో ఓడ ఎక్కినా, చేయాల్సిన ఏర్పాట్లు ఇవే.

టికెట్ తీసుకున్న వారంలోనే

ఓడ కంపెనీలో ప్రత్యేక అవసరాలు చూసే విభాగానికి మెయిల్ రాయండి. కనీసం నెల రోజుల ముందు రాస్తే మంచిది. సీప్యాప్ వాడుతున్నామని చెప్పి మూడు సంగతులు అడగండి: గదిలో ఏ రకం ప్లగ్‌లున్నాయి, మంచం దాకా వచ్చే ఎక్స్‌టెన్షన్ తీగ మీరే ఇస్తారా, రోజుకు ఎంత డిస్టిల్డ్ వాటర్ ఇవ్వగలరు. జవాబును కాగితం మీద ప్రింటు తీసి దగ్గర పెట్టుకోండి. ఓడలో గది చూసుకునే మనిషికి అది చూపిస్తే పని తొందరగా అవుతుంది.

డాక్టరు దగ్గర ఇంగ్లీషులో ఒక ఉత్తరం తీసుకోండి. అందులో జబ్బు పేరు, మెషిన్ మోడల్, ప్రెషర్ ఎంత పెట్టారన్నది, మాస్క్ రకం, సైజు ఉండాలి. చెకింగ్‌లో చూపించడానికే కాదు, దారిలో మెషిన్ పాడైతే ఇంకొకటి అద్దెకు తీసుకుని సెట్ చేసుకోవడానికి కూడా ఆ ఉత్తరమే ఆధారం.

కరెంటు సంగతి

అడాప్టర్ అడుగున చిన్న అక్షరాలు చదవండి. ‘ఇన్‌పుట్ 100–240 వోల్టులు, 50/60 హెర్ట్జ్’ అని ఉంటే, ఏ ఓడలోనైనా పనిచేస్తుంది. బరువైన కన్వర్టర్ అక్కర్లేదు, పిన్ను మార్చే ప్లగ్ చాలు. చాలా ఓడల్లో రెండు చదును పుల్లల అమెరికా ప్లగ్ 110 వోల్టులకు, రెండు గుండ్రటి పుల్లల యూరప్ ప్లగ్ 220 వోల్టులకు ఉంటాయి. మన లావు మూడు పిన్నుల ప్లగ్ వీటిలో దూరదు. సింగపూర్‌లో ఒక రాత్రి హోటల్లో ఉండేవాళ్లకు అక్కడి చదును మూడు పిన్నుల ప్లగ్ కూడా కావాలి.

సర్జ్ ప్రొటెక్టర్ (కరెంటు ఒక్కసారిగా పెరిగితే వస్తువు కాలకుండా కాపాడేది) ఉన్న పవర్ స్ట్రిప్ మాత్రం పెట్టెలో పెట్టకండి. ఇంటి వైరింగులో ఒక తీగ లైవు, ఒకటి న్యూట్రల్. చాలా ఓడల్లో అలా ఉండదు, రెండు తీగల్లోనూ కరెంటు ఉంటుంది. ఇంటి కోసం చేసిన సర్జ్ ప్రొటెక్టర్ అక్కడ కాలి మంటలు లేచే ప్రమాదం ఉంది. అందుకే ఎక్కేటప్పుడే తీసుకుని, దిగేటప్పుడు తిరిగి ఇస్తారు. కొన్ని ఓడల్లో మామూలు ఎక్స్‌టెన్షన్ కూడా తేనివ్వరు. తీగ వాళ్ల దగ్గరే అడగమన్నది ఇందుకే.

నీళ్లు

గాలికి తేమనిచ్చే మెషిన్ నీళ్ల డబ్బాలో సాధారణంగా 300 నుంచి 400 మిల్లీలీటర్లు పడతాయి. తేమ ఎక్కువ పెట్టుకుంటే ఒక్క రాత్రికే అయిపోవచ్చు. నాలుగు రాత్రులకు లీటరున్నర లెక్క వేసుకోండి.

మన బోరు నీళ్లు కాచిన గిన్నె అడుగున తెల్లగా, గరుగ్గా ఒక పొర పేరుకుంటుంది కదా, గోకితే గోటికి సున్నంలా అంటుతుంది. అదే పొర డబ్బా అడుగునున్న వేడి రేకు మీద కూడా పడుతుంది. మరగబెడితే క్రిములు చస్తాయి గానీ ఈ ఉప్పులు పూర్తిగా పోవు. ఇన్వర్టర్ బ్యాటరీలకు పోసే నీళ్లు కూడా వద్దు, అవి ఊపిరితో లోపలికి పీల్చడానికి తయారుచేసినవి కావు. డిస్టిల్డ్ వాటర్ సర్జికల్ షాపులో అడిగి తీసుకోండి.

దారిలో

మెషిన్ ఎప్పుడూ చేతి సంచిలోనే ఉండాలి. డబ్బాలో ఒక్క చుక్క నీళ్లు కూడా ఉంచకండి, సంచి వాలితే అవి మోటారులోకి పోతాయి. విడి లిథియం బ్యాటరీని విమానంలో లగేజీకి వేయనివ్వరు, చేతి సంచిలోనే తీసుకుపోవాలి. 100 వాట్-అవర్ల (బ్యాటరీ సామర్థ్యం కొలత) దాకా మామూలుగా ఒప్పుకుంటారు. 100 నుంచి 160 మధ్యదైతే విమాన సంస్థ అనుమతి ముందే కావాలి.

రాత్రి రైలుకు పోయేవాళ్లు బోగీలో ప్లగ్ ఉందిలే అనుకోవద్దు. రాత్రి 11 నుంచి తెల్లవారి 5 దాకా చార్జింగ్ ప్లగ్‌లకు కరెంటు ఆపేయాలని రైల్వే నియమం. పైగా అవి ఫోన్ల కోసం పెట్టినవి. పగటి రైలు చూసుకోండి, లేదా బ్యాటరీ పెట్టుకోండి. బ్యాటరీతో నడిపేటప్పుడు తేమ, పైపును వేడిచేసే ఏర్పాటు రెండూ ఆపేయాలి, కరెంటు ఎక్కువ తాగేవి అవే. బయలుదేరే ముందు ఇంట్లో ఒక రాత్రి బ్యాటరీ మీదే పడుకుని ఎంతసేపు వస్తుందో చూసుకోండి.

గదిలో

మెషిన్‌ను పరుపు కంటే కిందుగా, జారని చోట పెట్టండి. డబ్బాలో నీళ్లు గీత దాకా కాకుండా ఒక వేలు తక్కువ పోయండి, ఓడ ఊగినప్పుడు చిందవు. కొన్ని ఓడల్లో తలుపు పక్కన గాడిలో కార్డు తీస్తే గదిలో కరెంటు పోతుంది, రాత్రి దాన్ని అక్కడే ఉంచండి.

ఎండాకాలం అనంతపురంలో పెట్టుకున్న తేమ నంబరు ఓడలో ఎక్కువవుతుంది. ఏసీ చల్లదనానికి పైపులో ఆవిరి నీరై గుడగుడమని చప్పుడు చేస్తుంది, ముక్కు మీద చుక్కలు పడతాయి. నంబరు ఒకటి రెండు తగ్గించి, పైపును దుప్పటి కింద నుంచి రానివ్వండి.

కడుపులో తిప్పుతుంటే మాస్క్ పెట్టుకోవద్దు. ముక్కూ నోరూ కప్పే మాస్క్‌లో వాంతి అయితే అది ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది. తిప్పుడు మాత్రల్లో చాలావరకు మత్తు ఉంటుంది, ఏది వేసుకోవచ్చో ముందే డాక్టరును అడగండి. మద్యం గొంతు కండరాలను వదులు చేసి జబ్బును పెంచుతుంది, మానుకోవడమే మేలు.

దిగే ముందు రాత్రి పెద్ద పెట్టెలు తలుపు బయట పెట్టమంటారు. మెషిన్ వాటిలో పోకూడదు. తెల్లవారి డబ్బా వంచి, బట్టతో తుడిచి, మాస్క్‌ను సబ్బు నీళ్లలో కడిగి ఆరబెట్టి సంచిలో పెట్టండి. గోడకు పిన్ను ప్లగ్ మిగిలిపోయిందేమో చూసి గది వదలండి.