బ్లాకౌట్ లైట్లతో (శత్రువుకు కనబడకుండా వాడే మసక దీపాలతో) రాత్రి మిలిటరీ బండి కదిలించే ముందు

నేల మీద ఎవరైనా పడుకున్నారేమో చూడండి. బండి కింద, చుట్టూ, వెళ్లే దారిలో. అలసిన జవాను టైరు పక్కనే నిద్రపోతాడు, ఆ మసక వెలుగులో అస్సలు కనిపించడు. క్యాంపులో ముందు ఒకరు నడిచి దారి చూపందే కదలొద్దు. అతను కనుమరుగైతే ఉన్నచోటే ఆపెయ్యండి.

కళ్లకు 30 నిమిషాలైనా చీకటి అలవాటు చెయ్యండి. ఒక్కసారి ఫోన్ వెలిగితే మళ్లీ మొదటికే.

మీ ముందు వెళ్లే బండి వెనక దీపాలు లెక్కపెట్టండి. అమెరికన్ తరహా బండికైతే రెండు కనిపిస్తే దూరం సరిగ్గా ఉన్నట్టు. నాలుగైతే మరీ దగ్గర, ఒకటైతే వెనకబడ్డారు.

మీరు బ్రేక్ నొక్కి, వెనక నుంచి ఒకరిని చూడమనండి. మామూలు బ్రేక్ లైట్ వెలిగితే కాన్వాయ్ మొత్తం శత్రువుకు తెలిసిపోతుంది.

నైట్ విజన్ అద్దాల్లో గుంట లోతు తెలియదు. వేగం తగ్గించండి.