ఆవకాయ బాగుంది, ఆర్డరే బాలేదు

అమ్మ పెట్టే పచ్చళ్లను నాలుగేళ్లుగా వాట్సాప్ బిజినెస్‌లో అమ్ముతున్నాను. పోయిన ఎండాకాలం గూగుల్‌లో వరసగా రెండు స్టార్లు, ఒక స్టారు పడ్డాయి. రుచి తగ్గిందేమోనని టెన్షన్ పడి కారం మార్చాం, మామిడికాయలు మార్చాం. స్టార్లు మారలేదు.

ఒక ఆదివారం కూర్చుని రెండు నెలల చాట్లన్నీ చదివాను. రుచి గురించి ఒక్కరూ తిట్టలేదు! "డబ్బులు పంపాను, అందాయా?", "పార్సిల్ ఎక్కడిదాకా వచ్చింది?" సగానికి పైగా ఇవే. యూపీఐలో డబ్బు క్షణంలో వచ్చేస్తుంది, నా జవాబు మాత్రం మర్నాడు వెళ్లేది.

క్విక్ రిప్లైలు రాసి పెట్టుకున్నాను: డబ్బు అందగానే ఒకటి, కొరియర్‌లో వేయగానే ట్రాకింగ్ నంబరుతో ఇంకొకటి. ప్రతి చాట్‌కీ లేబుల్ తగిలించాను. ఆ ప్రశ్నలు బాగా తగ్గాయి.

పార్సిల్ చేరిన మూడో రోజున ఒకే ప్రశ్న అడుగుతున్నాను: మా పచ్చడి కొనమని మీవాళ్లకు చెప్తారా, 0 నుంచి 10లో ఎంత? ఇది కస్టమర్లు మనల్ని ఎంతవరకు సిఫారసు చేస్తారో కొలిచే, 2003లో వచ్చిన ఎన్‌పీఎస్ (నెట్ ప్రమోటర్ స్కోర్) పద్ధతే. 9, 10 ఇచ్చినవాళ్ల శాతంలోంచి 0 నుంచి 6 ఇచ్చినవాళ్ల శాతం తీసేస్తారు. నా బోటి చిన్న వ్యాపారానికి ఆ లెక్క ఏం చెప్తుందో గానీ, తక్కువ ఇచ్చినవాళ్లకు ఫోన్ చేయడం మాత్రం పనికొచ్చింది. "పచ్చడి బాగుందమ్మా, మూత తీస్తే నూనంతా చీర మీద పడింది" అన్నారు ఒకావిడ. ఆ మాట ఏ చాట్‌లోనూ లేదు.

ఇప్పుడు సీలు వేసిన పౌచ్‌ను డబ్బాలో పెట్టి పంపుతున్నాం. "పచ్చడంటే జాడీలో ఉండాలి గానీ ఈ సంచులేంటే" అని అమ్మ ఇంకా సణుగుతూనే ఉంది.