కిడ్నీ రాయికి షాక్ వేవ్: ముందు ఏం చూడాలి, తర్వాత ఏం చేయాలి

కోత లేకుండా, ఒంటి బయటి నుంచే షాక్ వేవ్ అనే బలమైన తరంగాలు పంపి కిడ్నీలో రాయిని పగలగొట్టడాన్ని ఈఎస్‌డబ్ల్యూఎల్ అంటారు. 1980లో జర్మనీలోని మ్యూనిక్‌లో, డోర్నియర్ అనే విమానాల కంపెనీ చేసిన యంత్రంతో మొదటిసారి మనిషికి చేశారు. అప్పట్లో రోగిని నీళ్ల తొట్టిలో ఉంచేవారు. ఇప్పుడు నీళ్లు నింపిన మెత్తటి దిండు, కాస్త జెల్ సరిపోతున్నాయి.

షాక్ పెట్టించుకున్నా రాయి పోలేదంటే, చాలాసార్లు అది మొదటి నుంచీ ఈ పద్ధతికి లొంగని రాయే. అందుకే ఒప్పుకునే ముందు సీటీ స్కాన్ రిపోర్టు చేతిలో పెట్టుకుని నాలుగు సంగతులు అడగండి. కిడ్నీలోని రాయి 2 సెంటీమీటర్లు దాటితే వేరే పద్ధతే మేలు. కిడ్నీ అడుగుభాగంలో ఉంటే 1 సెంటీమీటరు దాటినా ఆలోచించాలి: అక్కడ రాయి పగిలినా ముక్కలు పైకెక్కి బయటికి రావడం కష్టం. రాయి సాంద్రత (సీటీ స్కాన్‌లో దీన్ని హౌన్స్‌ఫీల్డ్ యూనిట్లలో కొలుస్తారు) 1000 యూనిట్లు మించితే రాయి గట్టిది, పగలడం కష్టం. 500 లోపు ఉంటే యూరిక్ యాసిడ్ రాయి కావచ్చు, దాన్ని మందులతోనే కరిగించే వీలుందేమో ముందు అడగండి. ఇక చర్మం నుంచి రాయికి దూరం 10 సెంటీమీటర్లు దాటితే తరంగం దెబ్బ బలం తగ్గిపోతుంది.

గర్భిణులకు ఇది చేయకూడదు. రాయికి దిగువన మూత్రనాళం మూసుకుపోయి ఉన్నా చేయకూడదు. యూరిన్ కల్చర్‌లో (మూత్రంలో బాక్టీరియా ఉందేమో చూసే పరీక్షలో) ఇన్ఫెక్షన్ కనిపిస్తే ముందు అది తగ్గాలి. రాయి పగిలినప్పుడు అందులో దాగిన బాక్టీరియా రక్తంలోకి చేరితే ప్రాణం మీదికొస్తుంది. రక్తం పలచబరిచే మాత్రలు వాడుతుంటే తప్పక చెప్పండి. గుండెకు స్టెంట్ వేసినవారు వాటిని సొంతంగా ఆపేయవద్దు, గుండె డాక్టరును అడిగే నిర్ణయించాలి.

చికిత్స బల్ల మీద ఫలితాన్ని తేల్చేవి చిన్న విషయాలే. అన్నిటికంటే ముఖ్యం జెల్. దిండుకీ చర్మానికీ మధ్య గాలి బుడగలు 2 శాతం మేర ఉన్నా పగలగొట్టే శక్తి 20 నుంచి 40 శాతం పడిపోతుందని ప్రయోగశాలలో తేలింది. జెల్‌ను చేత్తో పులిమితే బుడగలు చేరతాయి. సీసా నుంచి నేరుగా ఒకేచోట గుట్టగా పోసి దిండును ఒత్తితే అదే పరుచుకుంటుంది. మధ్యలో ఒళ్లు కదిలి దిండు ఊడితే మళ్లీ జెల్ పోయాల్సిందే.

రెండోది వేగం. నిమిషానికి 120 కంటే 60 దెబ్బలతో రాయి బాగా పగులుతుంది. ప్రతి దెబ్బకూ రాయి చుట్టూ సూక్ష్మమైన బుడగలు పుడతాయి, అవి కరిగిపోయేలోపు ఇంకో దెబ్బ వస్తే దాన్ని అడ్డుకుంటాయి. త్వరగా ముగించమని తొందరపెట్టకండి. తక్కువ శక్తితో మొదలుపెట్టి మెల్లగా పెంచితే కిడ్నీకి గాయం తగ్గుతుంది. మొత్తం 2000 నుంచి 3000 దెబ్బలకు ముప్పావు గంట, గంట పడుతుంది. నొప్పి ఓర్చుకోవడం గొప్ప కాదు: నొప్పికి కదిలితే రాయి గురి తప్పుతుంది. వెంటనే చెబితే మందు పెంచుతారు.

ఇంటికొచ్చాక ఒకటి రెండు రోజులు మూత్రం ఎర్రగా రావచ్చు. రోజుకు రెండున్నర లీటర్ల మూత్రం వచ్చేలా నీళ్లు తాగండి. మన ఎండాకాలంలో అందుకు మూడు లీటర్లకు పైనే తాగాలి. గుండె, కిడ్నీ జబ్బులున్నవారు మాత్రం డాక్టరు చెప్పినంతే. మూత్రాన్ని సన్నటి జల్లెడలో వడగట్టి, దొరికిన ముక్కలను పరీక్షకు ఇవ్వండి. రాయి రకం తెలిస్తేనే మళ్లీ రాకుండా ఏం మానాలో తెలుస్తుంది.

చలితో జ్వరం 100.4 డిగ్రీలు దాటినా, మూత్రం ఆగినా, నడుము పక్కన నొప్పి మందుకు తగ్గకపోయినా, గడ్డలుగా రక్తం వచ్చినా అర్ధరాత్రైనా ఆస్పత్రికి వెళ్లండి. ముక్కలు మూత్రనాళంలో వరుసగా ఇరుక్కుని ఉండవచ్చు, లేదా కిడ్నీ చుట్టూ రక్తం గడ్డకట్టి ఉండవచ్చు.

నొప్పి లేకపోయినా రెండు నుంచి నాలుగు వారాల్లో ఎక్స్‌రే గానీ అల్ట్రాసౌండ్ గానీ తీయించుకోవాలి. డీజే స్టెంట్ (మూత్రం సాఫీగా దిగేందుకు మూత్రనాళంలో తాత్కాలికంగా ఉంచే సన్నటి గొట్టం) వేసి ఉంటే తీసే తేదీని డిశ్చార్జి కాగితం మీద రాయించుకుని, ఇంట్లో ఇంకొకరికి కూడా చెప్పి ఉంచండి. నెలల తరబడి మరిచిపోతే దాని మీదే కొత్త రాళ్లు పేరుకుంటాయి.