వీధిలో షెల్టర్: వచ్చే ఫిర్యాదులు, వాటి కారణాలు, పరిష్కారాలు

ఒడిశాలోని బరంపురం హౌరా–చెన్నై రైలు మార్గం మీద ఉంది. ఎంకేసీజీ మెడికల్ కాలేజీ ఆస్పత్రి ఇక్కడే ఉంది. గంజాం, గజపతి జిల్లాల నుంచే కాదు, ఇచ్ఛాపురం, సోంపేట వైపు నుంచి కూడా జనం ఇక్కడికే వస్తారు. పని వెతుక్కుంటూ వచ్చినవాళ్లు, వైద్యానికి వచ్చి చేతిలో డబ్బు అయిపోయినవాళ్లు, ఇంట్లోవాళ్లు పొమ్మంటే వచ్చేసిన ముసలివాళ్లు రాత్రికి ఎక్కడో ఒకచోట నడుం వాల్చాలి. కేంద్ర ప్రభుత్వ జాతీయ పట్టణ జీవనోపాధి మిషన్ 2013లో మొదలైంది. ఇల్లు లేనివాళ్లకు, లక్ష జనాభాకు కనీసం 100 మందికి సరిపడా శాశ్వత వసతి, అంటే షెల్టర్, ఉండాలని, మనిషికి 50 చదరపు అడుగుల చోటు ఇవ్వాలని దాని మార్గదర్శకాలు చెప్పాయి. 2011 లెక్కల ప్రకారమే బరంపురం జనాభా మూడున్నర లక్షలు దాటింది. అంటే మూడు వందల యాభై మందికి తగ్గకుండా చోటు కావాలి.

చోటు కట్టాక అసలు పని మొదలవుతుంది. షెల్టర్ నడిపేవాళ్లకు వీధి నుంచి రోజూ ఏదో ఒక ఫిర్యాదు వస్తుంది. అది మనుషుల మీద వస్తుంది: "మీవాళ్లు ఇలా చేశారు, మీవాళ్లు అలా చేశారు" అని. వెళ్లి చూస్తే కారణం చాలాసార్లు మన గేటు దగ్గరో, మన టైమింగ్స్‌లోనో, మన కుళాయి దగ్గరో కనిపిస్తుంది. అక్కడ మార్చితే ఫిర్యాదు ఆగుతుంది. అందుకే ఈ గైడ్‌ని ఫిర్యాదుతోనే మొదలుపెట్టి వెనక్కి వెళ్తున్నాను.

సమస్య: షెల్టర్ తెరవకముందే వీధివాళ్లు అడ్డుపడుతున్నారు

కారణం: వాళ్లకు ఈ సంగతి బోర్డు చూశాకే తెలిసింది. నిర్ణయం ఆఫీసులో జరిగిపోయింది, తమను ఎవరూ అడగలేదు. ఆ కోపం మీద మిగతా భయాలన్నీ పేరుకుంటాయి: పక్కన స్కూలు ఉంది, ఆడపిల్లలు తిరుగుతారు, ఇంటికి అద్దెలు పడిపోతాయి.

పరిష్కారం: మొదటే పెద్ద మీటింగ్ పెట్టకండి. మైకు ముందు గట్టిగా అరిచిన నలుగురి మాటే వీధి మాట అయిపోతుంది. ముందు ఇంటింటికీ వెళ్లండి. తెలుగు ఇంట్లో తెలుగులో, ఒడియా ఇంట్లో ఒడియాలో మాట్లాడగలిగేవాళ్లను వెంట తీసుకెళ్లండి. సాయంత్రం పూట వెళ్తే ఆడవాళ్లు మాట్లాడతారు, అసలు విషయం వాళ్ల దగ్గరే తెలుస్తుంది. మా వీధిలో ఒక పెద్దావిడ ఇలా అడిగింది: "మా కోడలు ఏడింటికి ట్యూషన్ నుంచి పిల్లని తెస్తాది బాబూ. మీ గేటు ముందు మగాళ్లు కూచుంటే అదెలా దాటతాది?" ఇది షెల్టర్ వద్దు అనే మాట కాదు. ఒక సమయం, ఒక దారి, ఒక చీకటి మూల గురించి అడిగిన ప్రశ్న. దీనికి జవాబు ఉంది: మగవాళ్ల ప్రవేశం వెనక సందు వైపు మార్చడం, వీధి మలుపులో లైటు వేయించడం. చెప్పిన రెండు పనులూ షెల్టర్ తెరవకముందే చేసి చూపిస్తే, మరుసటి మీటింగులో ఆ పెద్దావిడే మన తరఫున మాట్లాడుతుంది.

ఇంటింటికీ తిరిగేటప్పుడు విన్న ప్రతి భయాన్నీ ఒక పుస్తకంలో రాయండి, ఎదురుగా "ఏం చేస్తాం, ఎప్పటిలోగా" అని రాయండి. నిర్వహణ కమిటీలో వీధివాళ్లకు ఇద్దరికైనా చోటివ్వండి, అందులో ఒకరు గట్టిగా వ్యతిరేకించినవారైతే ఇంకా మంచిది. "ఇక్కడ ఏ గొడవా జరగదు" అని మాత్రం మాటివ్వకండి. వంద మంది ఉండే చోట ఎప్పుడో ఒకప్పుడు గొడవ జరుగుతుంది. "గొడవ జరిగితే ఈ నంబరుకు ఫోన్ చేయండి, పది నిమిషాల్లో మా మనిషి బయటికొస్తాడు" అని చెప్పండి, ఆ నంబరు గేటు మీద పెయింటు వేయించండి, రాత్రి రెండింటికి మోగినా ఎత్తండి.

సమస్య: సాయంత్రం గేటు ముందు గుంపు

కారణం: గేటు ఏడింటికి తెరుస్తామని మనమే నియమం పెట్టాం. చోటు దొరకదేమోనన్న టెన్షన్‌తో జనం ఐదింటికే వచ్చి లైన్లో కూర్చుంటారు. పొద్దున్నే ఆరింటికి అందరినీ బయటికి పంపితే మళ్లీ అదే గుంపు, ఈసారి టీ కొట్టు ముందు.

పరిష్కారం: షెల్టర్‌ని 24 గంటలూ తెరిచి ఉంచాలి. మార్గదర్శకాల్లో ఉన్నదీ అదే. రాత్రి డ్యూటీ చేసి పగలు పడుకునే వాచ్‌మన్లు, ఆస్పత్రి నుంచి డిశ్చార్జ్ అయ్యి ఇంకా నడవలేనివాళ్లు పగలంతా ఎక్కడికి పోతారు? పగలు నడిపేంత సిబ్బంది లేకపోతే, కనీసం లైన్‌ని ప్రహరీ లోపలికి తీసుకురండి. లోపల నీడ, తాగునీళ్లు, బెంచీ పెట్టండి. వచ్చినవాళ్లకు వెంటనే టోకెన్ ఇచ్చి చోటు ఖాయం చేస్తే గేటు దగ్గర కాపలా కాయాల్సిన పని వాళ్లకుండదు.

సమస్య: గేటు ముందు ఎంగిలి ప్యాకెట్లు, కుక్కలు

ఈ ఫిర్యాదు గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఇది మంచి మనసున్నవాళ్ల వల్ల వస్తుంది.

కారణం: పుట్టినరోజనీ, తద్దినమనీ దాతలు కారులో వస్తారు. గేటు బయటే నిలబడి పులిహోర ప్యాకెట్లు పంచి, ఫోటో తీసుకుని వెళ్లిపోతారు. ఒకే పూట ముగ్గురు వస్తే ఒక్కొక్కరి చేతిలో మూడు ప్యాకెట్లు. తిన్నంత తిని మిగతాది గోడ పక్కన పెడతారు. రాత్రికి పాలిథిన్ సంచులు చీల్చుకుంటూ కుక్కలు, పొద్దున ఈగలు. మర్నాడు ఏ పూట చూసినా ఎవరూ రారు. ఎదురింటాయనకు కనిపించేది మాత్రం "వీళ్లు తిని పారేశారు" అనే.

పరిష్కారం: బయట పంచడం పూర్తిగా ఆపించండి. ఒక క్యాలెండర్ పెట్టి, తేదీ, పూట ముందే రాయించుకున్న దాతలనే రమ్మనండి. భోజనం లోపల, వరసలో కూర్చోబెట్టి, స్టీలు కంచాల్లో. కంచాలు షెల్టర్‌వి, ప్యాకెట్ల అవసరమే ఉండదు. ఫోటోలు వద్దని మర్యాదగా చెప్పండి. తినేటప్పుడు తన మొహం ఫోన్లో పడాలని ఎవరూ కోరుకోరు. దాతల సంఖ్య ఎక్కువైతే బియ్యం, పప్పు, సబ్బులు, దుప్పట్ల ఉతుకు ఖర్చు అడగండి. దాత రాని పూటకు ఆహార్ కేంద్రం, అంటే ప్రభుత్వం చవగ్గా భోజనం పెట్టే చోటు, ఉంది. 2015లో ఒడిశా ప్రభుత్వం వీటిని మొదలుపెట్టిన నగరాల్లో బరంపురం ఒకటి, 5 రూపాయలకు అన్నం, దాల్మా (కూరగాయలు వేసిన పప్పు) పెడతారు. నడవలేనివాళ్లకు అక్కడి నుంచి తెచ్చిపెట్టే బాధ్యత ఒకరికి అప్పగించండి.

సమస్య: గోడ పక్కన మూత్రం, కంపు

కారణం: మరుగుదొడ్లు సరిపోవు, లేదా రాత్రి తాళం వేస్తున్నారు, లేదా బల్బు మాడిపోయింది. ముసలివాళ్లు చీకట్లో మెట్లు దిగరు.

పరిష్కారం: తాళం తీయండి. బల్బు మార్చండి. ముసలివాళ్ల పరుపులు మరుగుదొడ్డికి దగ్గరగా వేయండి. గోడ మీద దేవుడి టైల్స్ అతికిస్తే సరిపోతుందని కొందరు సలహా ఇస్తారు. నీళ్లు రాని మరుగుదొడ్డికి ఆ టైల్స్ సమాధానం కావు.

సమస్య: వీధిలో దొంగతనం జరిగింది, అందరూ షెల్టర్ వైపు చూస్తున్నారు

కారణం: ఎవరు ఎప్పుడు వచ్చారో, ఎప్పుడు వెళ్లారో చూపించే ఆధారం మన దగ్గర లేదు. ఆధారం లేనిచోట అనుమానం కొత్త మనిషి మీదికే పోతుంది.

పరిష్కారం: రాకపోకల రిజిస్టర్ నిజాయితీగా రాయండి. గేటు మీద సీసీ కెమెరా పెట్టండి, పడుకునే గదుల్లో, స్నానాల దగ్గర మాత్రం వద్దు. బీట్ కానిస్టేబుల్‌ను రోజూ పగటిపూట ఒకసారి రమ్మని కోరండి, అర్ధరాత్రి లాఠీతో వచ్చి లేపడానికి ఒప్పుకోకండి. పోలీసులు విచారణకొస్తే మేనేజరు పక్కనుండి రిజిస్టర్ చూపించాలి. వీధివాళ్లు "మీ దగ్గరున్నవాళ్ల పేర్లు, ఫోటోలు మా వాట్సాప్ గ్రూపులో పెట్టండి" అని అడుగుతారు. దానికి మాత్రం ఎంత ఒత్తిడి వచ్చినా ఒప్పుకోవద్దు. మొగుడి దెబ్బలకు పారిపోయి వచ్చిన ఆడమనిషి ఫోటో ఆ గ్రూపులో పడితే, సాయంత్రానికి ఆ మొగుడు మన గేటు ముందుంటాడు.

సమస్య: లోపల మంచాలు ఖాళీ, జనం మాత్రం రైల్వే స్టేషన్ బయటే పడుకుంటున్నారు

ఇది చూసి "వాళ్లకు షెల్టర్ అక్కర్లేదు, మూసేయండి" అనేవాళ్లు తయారవుతారు. మూసేసే ముందు స్టేషన్ బయట కూర్చుని అడగండి.

కారణాలు సాధారణంగా ఇవే: చిత్తుకాగితాలు ఏరేవాళ్ల మూట, రిక్షావాడి బండి లోపల పెట్టనివ్వరు, రాత్రి బయట వదిలితే పొద్దునకు ఉండవు. భార్యాభర్తలను విడగొడతారు. ఆధార్ లేదంటే గేటు దగ్గరే తిప్పి పంపుతారు. నల్లులు. ఊరికి దూరం, పొద్దున కూలీల అడ్డాకు చేరేసరికి పని అయిపోతుంది.

పరిష్కారం: ఆవరణలో బండ్లకు గొలుసు వేసుకునే చోటు, ప్రతి మనిషికీ తాళం పెట్టుకునే చిన్న పెట్టె. కుటుంబాలకు విడిగా ఒక గది, ఒంటరి ఆడవాళ్లకు ఆడ కేర్‌టేకర్‌తో వేరే విభాగం. గుర్తింపు కార్డు లేకపోయినా చేర్చుకోవాలి. కార్డు లోపలికొచ్చాక చేయించే పని. చోటు స్టేషన్‌కీ, బస్టాండుకీ, పెద్ద బజారుకీ నడిచే దూరంలో ఉండాలి. ఊరి చివర చవగ్గా స్థలం దొరికిందని కట్టినది ఎప్పటికీ ఖాళీగానే ఉంటుంది.

నల్లుల సంగతి: కొయ్య మంచాలు తీసేసి ఇనప మంచాలు వేయండి. బొంతలు, దుప్పట్లు మరిగే నీళ్లలో ఉతికించి, మండుటెండలో ఆరేయండి. గోడ పగుళ్లు సిమెంటుతో పూడ్పించండి. మందు ఒక్కసారి కొట్టి వదిలేస్తే గుడ్లు మిగిలిపోతాయి, రెండు వారాల్లో మళ్లీ కొట్టించాలి.

సమస్య: "అక్కడ అందరికీ టీబీ ఉంది" అని పుకారు

కారణం: రాత్రంతా దగ్గు పక్కింటికి వినిపిస్తుంది.

పరిష్కారం: రెండు వారాలు దాటిన దగ్గు ఎవరికున్నా ప్రభుత్వ ఆస్పత్రిలో కళ్లె పరీక్ష చేయించండి, పరీక్షా మందులూ ఉచితం. టీబీ తేలితే చికిత్స మొదలవ్వాలి, మధ్యలో ఆపకూడదు. మనిషి ఎటో వెళ్లిపోతే మందులు ఆగిపోతాయి కాబట్టి అతన్ని షెల్టర్లో నిలబెట్టుకోవడమే వీధికి కూడా రక్షణ. పక్కింటివాళ్లకు ఈ మాట ఇలాగే చెప్పండి. కిటికీలు తెరిచి ఉంచండి.

సమస్య: తాగి వచ్చి గొడవ చేస్తున్నాడు

లోపల తాగడం నిషేధం. తాగి వచ్చినవాడు గమ్మున పడుకుంటే మాత్రం వెళ్లగొట్టకండి. బయట పడుంటే వీధికి అదే పెద్ద గొడవ. తలుపు దగ్గర వేరే మూల, కింద పరుపు, ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టడం. కొడితే, బెదిరిస్తే పోలీసులను పిలవండి. ఇంకో సంగతి కేర్‌టేకర్లకు తప్పక నేర్పండి: ఏళ్ల తరబడి తాగినవాడు ఒక్కసారిగా మానేస్తే రెండు మూడు రోజుల్లో ఒళ్లంతా వణుకు, లేనివి కనిపించడం, ఫిట్స్ రావచ్చు. అది ప్రాణం మీదికి తెస్తుంది. వెంటనే 108.

సమస్య: మతి స్థిమితం లేని మనిషి వీధిలో తిరుగుతోంది, "గదిలో పెట్టి తాళం వేయండి" అంటున్నారు

తాళం వేయడానికి మనకు హక్కు లేదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం, మానసిక రోగంతో తనను తాను చూసుకోలేక తిరుగుతున్న మనిషిని పోలీసులు తమ సంరక్షణలోకి తీసుకుని, 24 గంటలు దాటకుండా ప్రభుత్వ వైద్య కేంద్రానికి చేర్చాలి. లాకప్‌లో పెట్టకూడదు. పోలీస్ స్టేషన్‌లో "మా పని కాదు" అంటే న్యాయ సేవాధికార సంస్థల హెల్ప్‌లైన్ 15100కి ఫోన్ చేయండి. చికిత్స తర్వాత మళ్లీ షెల్టర్‌కి వస్తే మందులు వేళకు వేయించడం కేర్‌టేకర్ పని.

సమస్య: సరిహద్దు అవతలి మనిషి, ఇవతలి కాగితాలు

ఇది మన జిల్లాల సొంత సమస్య. రిజిస్టర్లో తెలుగు పేరు ఒడియాలోకి, అక్కడి నుంచి ఇంగ్లీషులోకి వెళ్లేసరికి ఊరి పేరు కూడా మారిపోతుంది. తర్వాత ఎవరు వెతికినా దొరకరు. కేర్‌టేకర్లలో ఒకరికైనా తెలుగు చదవడం, రాయడం రావాలి. పేరూ ఊరూ ఆ మనిషి చెప్పినట్టే అతని భాషలో ముందు రాయండి, తర్వాత ఒడియాలో రాయండి.

ఆధార్ అసలే లేనివాళ్లకు, గుర్తింపు పొందిన షెల్టర్ హోం అధిపతి నిర్ణీత నమూనాలో ఇచ్చే ధ్రువపత్రం పనికొస్తుంది. ఆ ఫారాలు ఆఫీసులో ఎప్పుడూ ఉంచండి. రేషన్ కార్డు శ్రీకాకుళం జిల్లాదైనా, అది కేంద్ర ఆహార భద్రత చట్టం కిందిదైతే, ఒకే దేశం ఒకే కార్డు పద్ధతిలో బరంపురం రేషన్ షాపులో బియ్యం తీసుకోవచ్చు. వేలిముద్ర పడకపోతే ముందు ఆధార్ కేంద్రంలో వేలిముద్రలు అప్‌డేట్ చేయించాలి. పింఛను మాత్రం అలా కాదు, ఆంధ్ర పింఛను సొంత ఊరి సచివాలయం ద్వారానే. "మా ఊరెళ్తే పింఛనొస్తాది, కానీ కొడుకు ఇంట్లోకి రానీడు" అని ఏడ్చే తాతను బస్సెక్కించి చేతులు దులుపుకోకండి. ముందు ఆ సచివాలయానికి ఫోన్ చేసి పింఛను నడుస్తోందో ఆగిందో కనుక్కోండి. వృద్ధుల హెల్ప్‌లైన్ 14567కి చెప్పి, కొడుకు మీద తల్లిదండ్రుల పోషణ చట్టం కింద దరఖాస్తు పెట్టాలనుకుంటున్నాడో లేదో తాతనే అడగండి. వెళ్తానంటే తోడుగా ఒక మనిషిని పంపండి, తిరిగొచ్చేదాకా ఇక్కడ అతని మంచం ఇంకొకరికి ఇవ్వకండి.