నేవీలో మెడికల్ అసిస్టెంట్‌గా ఉన్న అబ్బాయికి అమ్మానాన్నలను డిపెండెంట్లుగా నమోదు చేయించే విధానం

మా తమ్ముడు నేవీలో మెడికల్ అసిస్టెంట్. ఒడిశాలోని చిల్కాలో మొదటి శిక్షణ, ఆ తర్వాత ముంబైలోని నేవీ ఆసుపత్రి ఐఎన్‌హెచ్‌ఎస్ అశ్వినిలో వైద్య శిక్షణ అయ్యాక ఓడ మీదికి వెళ్ళాడు. ఓడలో చిన్న ఆసుపత్రి గది ఉంటుంది, దాన్ని సిక్ బే అంటారు. డాక్టరు ఉండని చిన్న ఓడల్లో ఎవరికి జ్వరం వచ్చినా, వేలు తెగినా, వాంతులైనా ముందు చూసేది మెడికల్ అసిస్టెంటే. గుంటూరులో మా నాన్నకి మాత్రం బీపీ చూడటానికి వాడు ఉండలేడు. ఆ లోటు కొంతైనా తీరాలంటే అమ్మానాన్నల పేర్లు వాడి సర్వీసు రికార్డులో డిపెండెంట్లుగా, అంటే వాడి మీద ఆధారపడినవాళ్ళుగా ఎక్కాలి. అప్పుడే వాళ్ళకి సైనిక ఆసుపత్రుల్లో వైద్యం అందుతుంది.

మా ఇంట్లో ఈ పని చేయించింది నేను. దరఖాస్తు పెట్టేది అబ్బాయే, మనం పెట్టలేం. కానీ దాంతో పాటు జతచేసే కాగితాలన్నీ మన ఊళ్ళోనే పుట్టాలి. అబ్బాయి సెలవు మీద వచ్చినప్పుడు చూసుకుందాంలే అనుకుంటే ఆ సెలవు కాస్తా సచివాలయం చుట్టూ తిరగడంతోనే అయిపోతుంది. వాడు వచ్చేది అమ్మ చేతి అన్నం తినడానికి. కాబట్టి వాడు రాకముందే కాగితాలు సిద్ధం చేసి పెట్టండి.

ముందు పేర్లు చూసుకోండి

ఆలస్యమయ్యేది ఎక్కువగా ఇక్కడే. నేవీ రికార్డులో తల్లిదండ్రుల పేర్లు అబ్బాయి పదో తరగతి సర్టిఫికెట్‌లో ఉన్నట్టే ఉంటాయి. మన ఇళ్ళల్లో పేర్ల సంగతి తెలిసిందే. బడిలో చేర్చేటప్పుడు ‘వెంకటేశ్వర్లు’ అని రాయించారు, ఆధార్‌లో ‘వెంకటేశ్వరరావు’ అని పడింది, పాన్ కార్డులో ఇంటిపేరు పూర్తిగా వచ్చింది, బ్యాంకు పుస్తకంలో ఒక్క అక్షరమే ఉంది. అమ్మ పేరు చివర ఒకచోట ‘అమ్మ’ ఉంటుంది, ఇంకోచోట ‘దేవి’ ఉంటుంది. ఊళ్ళో అందరికీ వాళ్ళెవరో తెలుసు. ముంబైలోని నేవీ రికార్డుల ఆఫీసులో ఫైలు చూసే మనిషికి మాత్రం వీళ్ళు ఇద్దరు వేర్వేరు మనుషులు.

ఒక తెల్లకాగితం మీద గీతలు గీసి పదో తరగతి సర్టిఫికెట్, ఆధార్, పాన్, ఓటరు కార్డు, బ్యాంకు పుస్తకం, ఇలా ఒక్కోదానిలో పేరూ పుట్టినతేదీ ఎలా ఉన్నాయో పక్కపక్కన రాయండి. తేడా కనిపిస్తే నా సలహా ఏమిటంటే, సర్వీసు రికార్డులో ఉన్న పేరునే అసలుగా పెట్టుకుని మిగతావి దానికి తగ్గట్టు మార్పించండి. సర్వీసు రికార్డు మార్చడం పెద్ద ప్రయాణం, ఆధార్ మార్చడం దానికంటే దగ్గర దారి. అయితే ఆధార్‌లో పేరు జీవితకాలంలో రెండుసార్లే మార్చుకోవచ్చు, పుట్టినతేదీ అయితే ఒక్కసారే. అందుకే ఆధార్ కేంద్రానికి వెళ్ళేముందు అబ్బాయి చేత రికార్డులో ఉన్న స్పెల్లింగ్ ఇంగ్లీషులో అక్షరం అక్షరం చెప్పించుకుని రాసుకోండి. మేము ఆ పని చేయక మొదటిసారి ఒక అక్షరం తప్పు పెట్టించాం. ఒక అవకాశం అలా పోయింది.

చిన్న తేడాలకి నోటరీ దగ్గర ‘ఈ రెండు పేర్లూ ఒకే వ్యక్తివి’ అని అఫిడవిట్ చేయించి పెట్టుకోవచ్చు. కొన్నిచోట్ల అది సరిపోతుంది. కానీ దాన్నే నమ్ముకుని కార్డులు అలాగే వదిలేస్తే రేపు ఆసుపత్రిలో, ఎల్లుండి బ్యాంకులో మళ్ళీ అదే ప్రశ్న వస్తుంది.

ఆదాయ ధ్రువపత్రం

తల్లిదండ్రులు అబ్బాయి మీద ఆధారపడి ఉన్నారని చూపించే ముఖ్యమైన కాగితం ఇదే. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల తల్లిదండ్రులకి వైద్యం విషయంలో పెట్టిన ఆదాయ పరిమితి నెలకు 9,000 రూపాయలు, దాని మీద కరువు భత్యం అదనం. కరువు భత్యం పక్కన పెట్టి చూసినా ఏడాదికి 1,08,000 అవుతుంది. పింఛను, ఇంటి అద్దె, పొలం కౌలు, బ్యాంకు వడ్డీ, అన్నీ ఇందులోకి వస్తాయి. మీ ఇంటి లెక్క ఆ రోజుకి ఎలా కట్టాలో అబ్బాయి యూనిట్ ఆఫీసులో ముందే అడిగించండి.

దరఖాస్తు మీ గ్రామ లేదా వార్డు సచివాలయంలో, లేదా మీసేవలో పెట్టవచ్చు. మన మిత్ర వాట్సాప్ సేవ ద్వారా కూడా రెవెన్యూ సర్టిఫికెట్లు అడగవచ్చు, ఆ నంబరు 9552300009. మా వార్డులో నేను స్వయంగా వెళ్ళి పెట్టాను. ఏ అవసరానికి అని అడిగినప్పుడు స్కాలర్‌షిప్ కోసమని కాకుండా, నేవీలో డిపెండెంట్ నమోదు కోసమని చెప్పాను. వీఆర్వో విచారణ అయ్యాక తహశీల్దారు డిజిటల్ సంతకంతో సర్టిఫికెట్ వస్తుంది. తండ్రి పేరు మీద ఒకటి, తల్లి పేరు మీద ఒకటి కావాలా, కుటుంబానికి ఒకటి చాలా అన్నది కూడా యూనిట్‌నే అడగండి. మమ్మల్ని ఇద్దరివీ అడిగారు.

ఇక్కడ ఒక్క మాట గట్టిగా చెప్పాలి. మిర్చి పొలం ఉన్న ఇళ్ళల్లో ఆదాయం ఏడాదికోరకంగా ఉంటుంది. ఒక ఏడు యార్డులో ధర పలికితే చేతినిండా ఉంటుంది, తర్వాతి ఏడు తెగులొచ్చి పెట్టుబడి కూడా రాదు. అందుకని ‘తక్కువ వేయించేద్దాం, ఎవరు చూస్తారు’ అనేవాళ్ళు ఉంటారు. వద్దు. ఆ కాగితం కింద ‘నిజమే’ అని సంతకం పెట్టేది మన అబ్బాయి. అది తప్పని తేలితే క్రమశిక్షణ చర్య పడేది వాడి మీద, పోయేది వాడు కష్టపడి తెచ్చుకున్న మంచిపేరు. ఆదాయం పరిమితి దాటితే దాటిందని ఒప్పుకుని అమ్మానాన్నలకి ఒక ఆరోగ్య బీమా తీసుకోవడం మేలు.

అబ్బాయి వైపు జరిగేది

మా దగ్గర్నుంచి తీసుకున్నవి ఇవి: అమ్మానాన్నల ఆధార్, పాన్ నకళ్ళు, పుట్టినతేదీ రుజువు, ఆదాయ ధ్రువపత్రాలు, వాళ్ళ బ్లడ్ గ్రూపు, విడివిడిగా పాస్‌పోర్టు సైజు ఫోటోలు, కలిసి దిగిన ఫోటో ఒకటి. నకళ్ళ మీద గెజిటెడ్ అధికారి సంతకం చేయించి రెండు సెట్లు పంపాం. మూడో సెట్ ఇంట్లో బీరువాలో ఉంది.

వీటితో అబ్బాయి తన పైఅధికారి అయిన డివిజనల్ ఆఫీసరు ద్వారా రిక్వెస్ట్ పెడతాడు. అది మంజూరయ్యాక ఓడ ఆఫీసు నుంచి రికార్డులో మార్పు తెలిపే జెన్‌ఫారం అనే పత్రం వెళుతుంది. ఆర్మీలో పార్ట్ టూ ఆర్డర్ అనేదానికి నేవీలో ఇదే సమానం. పెళ్ళయినా, బిడ్డ పుట్టినా, డిపెండెంట్లు చేరినా జెన్‌ఫారం రావాల్సిందే. అది చేరేది ముంబై మాన్‌ఖుర్ద్‌లోని బ్యూరో ఆఫ్ సెయిలర్స్‌కి, నావికుల రికార్డులు ఉండేది అక్కడే. ‘ఫారం ఇచ్చేశాను’ అని అబ్బాయి అన్నంతమాత్రాన పని అయినట్టు కాదు. జెన్‌ఫారం నంబరు, తేదీ తీసుకుని మీ దగ్గర రాసిపెట్టుకోండి. ఓడ సముద్రంలో ఉంటే నెలలు గడుస్తాయి, అడగగా అడగగా కదిలేది ఆ నంబరు పట్టుకునే. రికార్డులో ఎక్కాక యూనిట్ నుంచి ఫోటోతో డిపెండెంట్ కార్డు ఇస్తారు.

కార్డు వచ్చాక

మనకి దగ్గర్లోని నేవీ పెద్ద ఆసుపత్రి విశాఖపట్నంలోని ఐఎన్‌హెచ్‌ఎస్ కల్యాణి. ఐఎన్‌హెచ్‌ఎస్ అంటే ఇండియన్ నేవల్ హాస్పిటల్ షిప్. ఆ మాట విని మా అమ్మ ఓడ ఎక్కాలేమోనని భయపడింది. పేరులోనే షిప్ ఉంది, ఆసుపత్రి మాత్రం నేలమీదే. విజయవాడ నుంచి సుమారు 350 కిలోమీటర్లు. గుంటూరు నుంచి సింహాద్రి, విజయవాడ నుంచి రత్నాచల్ ఎక్కితే పగలే చేరవచ్చు. మొదటిసారి వెళ్ళేటప్పుడు అసలు కార్డుతో పాటు ఆధార్, పాత రిపోర్టులు, ఇప్పుడు వాడుతున్న మందుల చీటీ తీసుకెళ్ళండి.

చాలామంది తికమకపడేది ఈసీహెచ్‌ఎస్ విషయంలో. 2003లో మొదలైన ఆ పథకం మాజీ సైనికులది, వాళ్ళ కుటుంబాలది. విజయవాడలో, గుంటూరులో ఉన్న ఈసీహెచ్‌ఎస్ పాలీక్లినిక్‌కి సర్వీసులో ఉన్న అబ్బాయి కార్డు పట్టుకెళితే పని జరగదు. ఎటు పోవాలో తెలియనప్పుడు జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళ్ళండి. సర్వీసులో ఉన్నవాళ్ళ కుటుంబాల సమస్యలు వినడం కూడా వాళ్ళ పనే. నేను వెళ్ళినప్పుడు కూర్చోబెట్టి చెప్పారు.

ఇంకొకటి, ప్రభుత్వ ఉద్యోగి ఉన్న కుటుంబానికి రైస్ కార్డు అర్హత ఉండదు. అబ్బాయి పేరు పాత కార్డులోనే ఉంటే సచివాలయానికి వెళ్ళి ఆ సంగతి మీరే చెప్పి తేల్చుకోండి. పథకాల ఏరివేతలో బయటపడేదాకా ఆగొద్దు.

అర్ధరాత్రి అవసరమొస్తే

నాన్నకి గుండెలో నొప్పి వచ్చినది రాత్రి రెండు గంటలకి. విశాఖ దాకా వెళ్ళే మాటే లేదు, దగ్గర్లోని ప్రైవేటు ఆసుపత్రికి తీసుకెళ్ళాం. ప్రాణం ముందు, కార్డు తర్వాత. మీరూ అంతే చేయండి. కానీ తెల్లవారగానే యూనిట్‌కి ఫోన్ చేసి చెప్పాలి, సైనిక ఆసుపత్రికి సమాచారం చేరేలా చూడమని అడగాలి. ఇంటికి పంపేటప్పుడు అత్యవసరంగా చేర్చుకున్నామని డాక్టరు సంతకం, ముద్రతో సర్టిఫికెట్, డిశ్చార్జి సమ్మరీ, విడివిడి బిల్లులు, మందుల రసీదులు, రిపోర్టులు అసలువి తీసుకోండి. మాకు డిశ్చార్జి సమ్మరీలో నాన్న పేరు తప్పు పడింది. ఇంటికొచ్చాక చూశాం. అది దిద్దించడానికి మూడుసార్లు తిరిగాను. మీరు కౌంటరు దగ్గరే నిలబడి చదవండి.

ఇక ఆ రాత్రి తమ్ముడికి ఎన్నిసార్లు చేసినా ఫోన్ కలవలేదు. 2019 డిసెంబరులో విశాఖలో గూఢచర్యం కేసు బయటపడ్డాక నేవీ తన స్థావరాల్లో, ఓడల్లో స్మార్ట్‌ఫోన్లని నిషేధించింది. పైగా సముద్రంలో సిగ్నల్ ఉండదు. అందుకని అబ్బాయి నంబరు ఒక్కటీ చాలదు. ఓడ ఆఫీసు నంబరు, డ్యూటీ ఆఫీసరు నంబరు, అబ్బాయి పర్సనల్ నంబరు, అంటే సర్వీసు నంబరు, ర్యాంకు, ఓడ పేరు ఒక కాగితం మీద రాసి ఇంట్లో అందరికీ తెలిసేచోట పెట్టండి. మాది ఫ్రిజ్ తలుపు లోపలి వైపు అంటించి ఉంది. ఫోన్‌లో మాత్రం వాటిని గ్రూపుల్లో పెట్టొద్దు. ఓడ ఎప్పుడు బయల్దేరుతుందో, ఎక్కడుందో బంధువులు అడిగినా చెప్పొద్దు. డిపెండెంట్ కార్డు ఫోటో తీసి ఎవరికీ పంపొద్దు.

అబ్బాయికి పెళ్ళయితే నెక్స్ట్ ఆఫ్ కిన్‌గా, అంటే అతి దగ్గరి బంధువుగా, కోడలి పేరు ఎక్కుతుంది. అమ్మానాన్నల డిపెండెంట్ నమోదు దాంతో పోదు. కానీ గ్రూప్ ఇన్సూరెన్స్ నామినేషన్‌లో ఎవరికి ఎంత వాటా అన్నది వాడు మళ్ళీ రాయాలి. ఆ సంగతి పెళ్ళి పనుల్లో అందరూ మరిచిపోతారు. పెళ్ళికని వచ్చిన సెలవు ముగిసి వాడు రైలెక్కేముందు ఒకసారి గుర్తుచేయండి.